ఊరవతల క్యాంపస్, ఊరి నడుమ తార్నాక

పక్కపక్క ఊళ్లు పెరిగి పెరిగి ఒక్కటైపోయే తీరును స్కాట్లండ్‌కు చెందిన నగర ప్రణాళికాకర్త ప్యాట్రిక్ గెడ్డెస్ 1915లోనే తన పుస్తకంలో వివరించాడు. 1920ల్లో ఆయనే హైదరాబాదు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఎక్కడి స్థలం బాగుంటుందో సలహా చెప్పాడు. చివరికి ఊరికి దూరంగా, బండరాళ్ల నేల ఉన్న అడిక్‌మెట్ ఖాయమైంది. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం అప్పటికి గన్‌ఫౌండ్రీ దగ్గరే నడుస్తోంది.

ఊరవతలికి పోవాలన్న ఆలోచన వెనక 1908 మూసీ వరద కూడా ఉందనిపిస్తుంది. ఆ దెబ్బ తర్వాతే ఇరుకు బస్తీలను విప్పి కట్టడానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది రాయి వేసి, 1939లో ప్రారంభించారు. ఆ గులాబీరంగు గ్రానైటు మెట్ల మీద నిలబడితే ఈనాటికీ ముందు ఎంత ఖాళీ కనిపిస్తుందో! దాన్ని చూసి ఊరు ఇంకా దూరమే అనుకునేరు. గేటు దాటితే తార్నాక చౌరస్తా. మెట్రో స్తంభాల కింద ఉప్పల్ బస్సులు, సికింద్రాబాద్ బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి.

తార్నాకను పెంచింది విశ్వవిద్యాలయం ఒక్కటే కాదు. ఒకవైపు 1806 నాటి కంటోన్మెంటు ఊరు సికింద్రాబాద్, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. మరోవైపు ఖాళీ భూములు. ఆ భూముల్లోకి పరిశోధనశాలలు వరసగా వచ్చాయి. పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలింది; ఉప్పల్ దారిలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ వెలిశాయి. ఉద్యోగులకు ఇళ్లు కావాలి, పిల్లలకు బడులు కావాలి. హైదరాబాదు, సికింద్రాబాద్ జంట నగరాల మునిసిపాలిటీలు 1960లో కలిసేనాటికే జనం రాకపోకలు వాటిని కలిపేశాయి.

ఆ తర్వాత కథంతా ఊరి హద్దు గీతలు జరపడమే. 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా. 2007లో 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు నగరంలో కలిసి మహానగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ. మరుసటి ఏడు 7 వేల చదరపు కిలోమీటర్లు దాటిన మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కట్టాక, దానికి రెట్టింపుకు పైగా పొడవున సంగారెడ్డి, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ చుట్టి ప్రాంతీయ రింగు రోడ్డు తలపెట్టారు. బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా అల్లుకున్న పట్టణమాలను భూగోళవేత్త జ్యాఁ గాట్‌మన్ 1961లో వర్ణించాడు. ఇక్కడ ఆ అల్లిక ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా వరంగల్ వైపు సాగుతోంది. హన్మకొండ బస్సు కోసం ఉప్పల్‌లో నిలబడ్డ ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు.

నిజానికి రోడ్డుకన్నా ముందే నీళ్ల గొట్టాలు ఆ దూరాలు పోయాయి. ఉస్మాన్‌సాగర్ చాలక మంజీర, అదీ చాలక 2004లో కృష్ణ, తర్వాత ఎల్లంపల్లి గోదావరి. మన బిందె నిండేది ఎవరి నది నుంచి వచ్చిన నీళ్లతోనో గానీ, ఆ నది పక్క ఊరికి ఇక్కడి ప్రణాళికలో మాట లేదు. మహానగర ప్రణాళికా సంఘంలో కనీసం మూడింట రెండు వంతుల మంది, ఆ ప్రాంత మునిసిపాలిటీలు, పంచాయతీల ప్రతినిధులు ఎన్నుకున్నవారే ఉండాలని రాజ్యాంగ 74వ సవరణ చెప్పింది. ఇక్కడ ప్రణాళిక గీసే హెచ్ఎండీఏకు మాత్రం అధ్యక్షుడు ముఖ్యమంత్రే.