చెట్టు పాలు, చీకటి వేళ

మన ఇళ్లల్లో పొద్దున్నే పాలు కాగే వేళకి, ఒకప్పటి మలయాలో తెలుగు ఆడకూలీలు రబ్బరుచెట్లకి గాట్లు పెట్టేసేవారు. 1876లో హెన్రీ విక్‌హమ్ బ్రెజిల్ నుంచి లండన్‌లోని క్యూ తోటకి చేర్చిన సుమారు 70,000 గింజల సంతతే ఆ చెట్లు.

పొద్దెక్కితే పాలు తగ్గిపోతాయి. ఎందుకంటారా? రబ్బరుపాలలో సగానికి పైగా నీరే. ఎండకి ఆకులు నీటిని లాగేస్తే పాలగొట్టాల్లో ఒత్తిడి తగ్గుతుంది.

కణాల పొరల్లో నీటిని పోనిచ్చే ప్రొటీను ద్వారాలుంటాయి. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. రబ్బరుపాలు పారడానికీ అవే తోడ్పడతాయని 2009లో పరిశోధకులు చూపారు.

ఆ తల్లులకి ద్వారాల సంగతి తెలీదు, వేళ తెలుసు. ఆ వేళ కోసం చంటిపిల్లల్ని ఆయాకి అప్పగించి వెళ్లేవారు. అయినా కూలి మగవాళ్లకన్నా తక్కువే!