ప్లేగు తర్వాత వెట్టి ఎలా పోయింది?

1347 అక్టోబరులో జెనోవా వర్తకుల ఓడలు నల్లసముద్రం వైపు నుంచి సిసిలీలోని మెస్సీనా రేవుకు చేరాయి. వాటితోపాటు ప్లేగూ దిగింది. నాలుగేళ్లలో అది ఐరోపాలో చాలా భాగానికి పాకి, జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతి కథను చాలామంది మూడు ముక్కల్లో ముగిస్తారు: మనుషులు తగ్గారు, కూలి పెరిగింది, భూస్వామ్యం కూలింది. లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ అదే మనుషుల కొరత ఐరోపాలో ఒకచోట రైతు మెడ మీది కాడిని దించితే, మరోచోట అదే కాడిని మరింత బిగించింది. కాబట్టి ఆ లెక్క సగమే నిజం. కొరత రైతుకు బేరమాడే అదను మాత్రమే ఇచ్చింది. బేరం ఎవరి వైపు తెగాలో చట్టాలు, కోర్టులు, ఆయుధబలం, ఊళ్ల కట్టుబాటు తేల్చాయి. ఈ సంగతి ఇంగ్లండులో మరీ దగ్గరగా చూడవచ్చు. అక్కడి దొరల కోర్టుల కవిలెలు, దివాణాల జమాఖర్చులు పెద్ద ఎత్తున మిగిలి ఉన్నాయి.

ప్లేగుకు ముందు బేరం పూర్తిగా దొర చేతిలో ఉండేది. 1300 నాటికి ఇంగ్లండు జనాభా సుమారు 50 లక్షలని ఒక అంచనా. సాగుకు పనికిరాని మెట్టలను కూడా దున్నేశారు, అయినా భూమి చాలలేదు. 1315లో మొదలైన ఎడతెగని వానలకు వరుసగా పంటలు కుళ్లి మహాకరువు వచ్చింది. రైతుల్లో పెద్ద భాగం అర్ధబానిసలు. వారానికి కొన్ని రోజులు దొర పొలంలో వెట్టి చేయాలి, కోతల కాలంలో ఇంకా ఎక్కువ చేయాలి. కూతురి పెళ్లి చేయాలంటే దొరకు సుంకం కట్టాలి. ఇంటిపెద్ద పోతే మేలైన పశువును దివాణం వాళ్లు తోలుకుపోతారు. ఊరు విడిచి వెళ్లాలంటే అనుమతి కావాలి. ఇష్టం లేకపోతే మానేయమనే ధైర్యం దొరకు ఉండేది, ఎందుకంటే ఆ కమతం కోసం మరో పదిమంది ఎదురుచూస్తూ ఉండేవారు.

1348 వేసవిలో ప్లేగు డోర్సెట్ తీరంలోని మెల్కమ్ రేవులో అడుగుపెట్టింది. ఏడాది తిరగకుండానే రాజ్యం స్పందించింది. ప్లేగు వల్ల పార్లమెంటు కూడలేకపోయినా, 1349 జూన్ 18న మూడో ఎడ్వర్డ్ రాజు కూలీల మీద ఆజ్ఞ జారీ చేశాడు. సొంత భూమి గానీ వృత్తి గానీ లేక, 60 ఏళ్లలోపు వయసుండి, ఒళ్లు వంగే ప్రతివాడూ పిలిచినవాడి దగ్గర పని చేయాల్సిందే. కూలి మాత్రం ప్లేగుకు ముందటి రేటే. 1351లో పార్లమెంటు దీన్ని చట్టం చేసి, పని వారీగా రేట్లు కట్టింది: గడ్డి ఆరబెట్టేవారికి రోజుకు 1 పెన్నీ, ఆగస్టు మొదటి వారం కోత కూలీకి 2 పెన్నీలు, రెండో వారం 3, మేస్త్రీ వడ్రంగికి 3. తిండీ తాగుడూ దొర పెట్టనక్కర లేదు. కూలీలు పనిముట్లు చేతపట్టుకుని సంతవీధిలో బహిరంగంగా నిలబడాలి, చాటుమాటుగా బేరం కుదుర్చుకోకూడదు. ధిక్కరించినవాళ్ల కోసం ఊరూరా బొండకొయ్యలు నాటాలి. 1361లో, పారిపోయిన కూలీ నుదుట కాల్చిన ఇనుముతో వాత పెట్టే శిక్షను కూడా చేర్చారు. కొరత వస్తే ధర దానంతట అదే పెరుగుతుందనే వాదన ఈ చట్టం దగ్గరే చిక్కుపడుతుంది. ఇక్కడ ధరను ఆపడానికి రాజ్యం తన బలమంతా పెట్టింది.

ఆపగలిగిందా అని అడగవచ్చు. 1352లో ఒక్క ఎసెక్స్ కౌంటీలోనే వేలమంది ఎక్కువ కూలి పుచ్చుకున్నారని జరిమానాలు కట్టారు. అన్ని జరిమానాలు పడ్డాయంటే చట్టాన్ని అంతమంది ఉల్లంఘించారనే అర్థం. అలాంటప్పుడు చివరికి గెలిచింది కొరతే కదా అని ఆక్షేపించేవారున్నారు. అయితే కాలక్రమం చూడాలి. డబ్బు లెక్కన కూలి పెరిగినా ధాన్యం ధరలు 1370ల మధ్య దాకా దిగిరాలేదు. 1361లోనూ, 1369లోనూ ప్లేగు మళ్లీ వచ్చింది. కూలివాడి కంచంలో తేడా తెలియడానికి ఒక తరం పట్టింది. తెలిసినప్పుడు మాత్రం ఆ తేడా చిన్నది కాదు. నార్ఫోక్‌లోని సెడ్జ్‌ఫర్డ్‌లో కోత కూలీలకు పెట్టిన భోజనాల ఖర్చు దివాణం లెక్కల్లో దొరుకుతుంది. 13వ శతాబ్దంలో వాళ్ల తిండిలో ముఖ్యమైనది బార్లీ రొట్టె, మాంసం పేరుకే ఉండేది. 1424 నాటికి రొట్టె గోధుమది అయింది, భోజనం ఖర్చులో పావు వంతుకు పైగా మాంసానికే పోయింది. ఈ రెంటికీ నడుమ ప్లేగు ఒక్కటే లేదు. పని మానేసి పక్క ఊరికి నడిచిపోయిన కూలీలున్నారు, వాళ్లను రహస్యంగా పనిలో పెట్టుకున్న మోతుబరులున్నారు, వెట్టికి రాకుండా మొండికేసిన గ్రామాలున్నాయి. 1381 కూడా ఉంది.

ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు చాలక ప్రభుత్వం నాలుగేళ్లలో మూడోసారి తలపన్ను వేసింది. 1377లో మనిషికి 4 పెన్నీలు ఉన్న పన్ను ఈసారి 12కు పెరిగింది. 1381 మే చివర ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో పన్ను విచారణకు వచ్చిన అధికారిని జనం తరిమికొట్టారు. రెండు వారాలకు వాట్ టైలర్ నాయకత్వంలో కెంట్ రైతులు, మరోవైపు నుంచి ఎసెక్స్ రైతులు లండన్‌లోకి ప్రవేశించారు. జూన్ 14న మైల్ ఎండ్ మైదానంలో 14 ఏళ్ల రెండో రిచర్డ్ రాజు ముందు వాళ్లు పెట్టిన కోర్కెలు చూస్తే, అది పన్ను గొడవ ఒక్కటే కాదని తెలుస్తుంది. అర్ధబానిసత్వం రద్దు కావాలి, ఎకరాకు కౌలు 4 పెన్నీలు దాటకూడదు, ఇష్టపడి ఒప్పుకుంటే తప్ప ఎవరూ ఎవరికీ పనిచేయకూడదు. ఊళ్లలో తిరుగుబాటుదారులు ముందుగా వెతికింది దొరల కోర్టు కవిలెలనే. ఎవరు అర్ధబానిసలో, ఎవరు ఎన్నిరోజులు వెట్టి చేయాలో రాసి ఉన్న ఆ పత్రాలను కుప్పపోసి తగలబెట్టారు. సెంట్ ఆల్బన్స్‌లో మఠం మరలోనే డబ్బిచ్చి ధాన్యం విసిరించుకోవాలని నియమం ఉండేది. సుమారు అర్ధశతాబ్దం క్రితం ఒక మఠాధిపతి ప్రజల ఇళ్లలోని తిరగళ్లను లాక్కుని, వాటి రాళ్లతో మఠంలోని గది నేలను పరిపించాడు. తిరుగుబాటులో జనం ఆ నేలను తవ్వి, రాళ్లను ముక్కలు చేసి పంచుకున్నారు.

జూన్ 15న స్మిత్‌ఫీల్డ్‌లో వాట్ టైలర్‌ను చంపేశారు. రాజు ఇచ్చిన స్వేచ్ఛాపత్రాలను జూలైలో రద్దు చేశారు. ఓడిపోయిన తిరుగుబాటుకు ఘనత ఎందుకివ్వాలనేది రెండో ఆక్షేపణ. కోరినది ఆ నెలలో దక్కకపోయినా, తరువాతి తరాలకు దారి మారింది. ఆ తరహా తలపన్నును చాలాకాలం మళ్లీ వేయలేదు. వెట్టిని బలవంతంగా రాబట్టడంలోని ప్రమాదం దొరలకు తెలిసొచ్చింది. కమతాలు ఖాళీగా పడివుంటే ఆదాయం సున్నా. అందుకని వాళ్లు దొర పొలాలను కౌలుకిచ్చి, వెట్టిని డబ్బు శిస్తుగా మార్చుకున్నారు. ఈ మార్పు ప్లేగుకు ముందే అక్కడక్కడా మొదలైన మాట నిజమే. కానీ ముందు అది దొరకు లాభం ఉన్నప్పుడు జరిగేది, తర్వాత రైతు ఒత్తిడికి జరిగింది.

అసలు పరీక్ష ఎల్బే నదికి తూర్పున ఉంది. పోలెండులో 1496 నాటి శాసనం ఏటా ఊరికి ఒక్క రైతు మాత్రమే వెళ్లిపోవచ్చని కట్టడి చేసింది. 1520లో వారానికి ఒకరోజు వెట్టిని చట్టబద్ధం చేశారు, తర్వాత ఆ రోజులు పెరుగుతూ పోయాయి. హంగరీలో 1514 నాటి దోజా రైతు తిరుగుబాటును అణచాక రైతును భూమికి కట్టేసే చట్టం వచ్చింది. అక్కడ పనివాళ్ల కొరత ఉంది కాబట్టే దొరలు వాళ్లను కదలనివ్వలేదు. పట్టణాలు బలహీనం, రాజు ప్రభువుల సభకు లొంగినవాడు, పశ్చిమానికి ధాన్యం అమ్మితే లాభం. తూర్పున ప్లేగు అంత తీవ్రంగా రాలేదు కనుక ఈ పోలిక చెల్లదని కొందరంటారు. అలాగైతే కేటలోనియాను చూడండి. ప్లేగు అక్కడ తీవ్రంగానే కొట్టింది. అయినా దొరలు రైతుల మీది పాత బంధనాలను వదల్లేదు సరికదా, ఇంకా గట్టిగా అమలుచేశారు. 1462లో రైతులు ఆయుధాలు పట్టారు. చివరికి 1486లో ఫెర్డినాండ్ రాజు గ్వాదలూపె తీర్పు ఇచ్చాక, సొమ్ము చెల్లించి విముక్తి పొందారు. ప్లేగుకూ విముక్తికీ నడుమ నూటముప్పై ఏళ్లకు పైగా గడిచాయి.

ఇంగ్లండు రైతుకు దక్కినది స్వర్ణయుగమని అనలేం. తర్వాతి కాలంలో గొర్రెల మేతకోసం పొలాలకు కంచెలు వేశారు, కౌలుదారులను వెళ్లగొట్టారు. కూలి రేట్లను కట్టడి చేసే చట్టాలూ కొనసాగాయి. జనాభా మళ్లీ పెరగగానే 16వ శతాబ్దంలో కూలివాడి కంచంలో మాంసం తగ్గింది. కొరత ఇచ్చిన లాభం కొరతతోనే పోయింది. కొట్లాడి సాధించుకున్న వ్యక్తిస్వేచ్ఛ మాత్రం పోలేదు. ఆ స్వేచ్ఛను కూడా ఏ మహమ్మారీ ఒక్క దెబ్బతో తెచ్చిపెట్టలేదు, పార్లమెంటు చట్టమూ చేయలేదు. మెల్కమ్ రేవుకు ప్లేగు వచ్చిన 226 ఏళ్లకు, 1574లో, మొదటి ఎలిజబెత్ రాణి తన ఎస్టేట్లలో ఇంకా మిగిలిన అర్ధబానిసలను డబ్బు పుచ్చుకుని విడిపించమని అధికారులను ఆదేశించింది.