పెన్నకు చోటిస్తే నష్టం ఎవరికి?

"పొర్లుకట్టలు ఇంకా ఎత్తు చేస్తే సరిపోద్ది" అనే మాట వరద పోయిన ప్రతిసారీ వింటాం. కట్ట ఎత్తయితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? పాత సంగతులు కాస్త చూద్దాం.

నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచొచ్చి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఏరు మన పెన్న. మన కయ్యల్లో నేలంతా అది మోసుకొచ్చిన ఒండ్రే. వరదొస్తే పల్చగా పరుచుకుని, నాలుగు రోజులుండి, మట్టి వదిలి పోయేది.

1855లో నెల్లూరు ఆనకట్ట, 1880ల్లో సంగం ఆనకట్ట వచ్చాయి. కాలవల కింద వరి పండింది. ఆ మేలు కాదనలేం. తర్వాత పైన 78 టీఎంసీల సోమశిల లేచింది. పెద్ద వరదలు తగ్గేసరికి ఏరు మెత్తబడిందనుకున్నారు అందరూ. పొర్లుకట్టల లోపల సాగు, ఇళ్ళు వచ్చాయి. సముద్రం వైపు రొయ్యల గుంటలు వచ్చాయి. ఏటి దారి ఇరుకైపోయింది.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజుల్లోనే సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి దిగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే తెగింది. కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊళ్ళు మునిగాయి, పొలాల్లో ఇసుక మేటలేసింది. గమనించండి: పల్చగా పొర్లిన నీరు ఒండ్రు ఇస్తుంది, గండి పడి దూకిన నీరు ఇసుక పోస్తుంది. ఏరు అదే, తేడా అంతా దానికిచ్చిన దారిలోనే.

ఈ పాఠం వేరే దేశాలూ నేర్చుకున్నాయి. అమెరికాలో ఫ్లోరిడాలోని కిసిమ్మీ నదిని 1962-71 మధ్య తిన్నటి కాలవలా తవ్వేశారు. 166 కిలోమీటర్ల వంకర ఏరు 90 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. 1999లో మొదలుపెట్టి, ఆ కాలవలో కొంత భాగం పూడ్చి, నీళ్ళను మళ్ళీ పాత వంకల్లోకి మళ్ళించారు. ఆ పని ముగిసింది కూడా మన వరదొచ్చిన 2021లోనే.

మనకు ఎక్కువ పనికొచ్చేది నెదర్లాండ్స్ కథ. 1995 వరద భయానికి అక్కడ సుమారు 2.5 లక్షల మందిని ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ తర్వాత కట్టలు పెంచడం ఒక్కటే మార్గం కాదని, నదికే చోటివ్వాలని తేల్చారు. ఓవర్‌డీప్సే అనే చోట మీదకు వరద వదులుతామంటే, అక్కడి రైతులు వద్దని ఊరుకోలేదు. మెరక దిబ్బలు పోసి ఇళ్ళు, పశువుల కొట్టాలు వాటి మీద కట్టిద్దామని వాళ్ళే ముందుకొచ్చారు. కొందరు వేరే చోటికి పోయారు, మిగిలినవాళ్ళు దిబ్బల మీదుండి సేద్యం చేస్తున్నారు.

మన దగ్గరా ఊరున్న చోట కట్ట గట్టిగా ఉండాల్సిందే. ఊరు లేని చోట కట్ట వెనక్కి జరిగితే ఏటికి ఊపిరాడుతుంది. కానీ ఆ నేల పోయేది ఎవరికి? పట్టా ఉన్నాయనకు పరిహారం రావొచ్చు. పట్టా లేకుండా లంక సాగు చేసేవాళ్ళకు, కౌలు రైతుకు ఏమొస్తుంది? పెన్నకు చోటివ్వడం గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ లెక్క తేల్చమని అడగండి. గీత గీసేటప్పుడు రైతు పక్కనుండాలి, గీసేశాక కాదు.