అత్త కుండ, కోడలు కుండ: మన ఆటగాళ్ళ నడవడిని తూచిన తక్కెడ

"అత్త పగులగొట్టినది అడుగోటి కుండ, కోడలు పగులగొట్టినది కొత్త కుండ" అని మన అవ్వలు అనేవారు. అడుగోటి కుండ అంటే అడుగున ముందే బీటువారిన కుండ. పగిలినది రెండు సార్లూ కుండే. పగులగొట్టినవారు ఎవరో చూసిన తరువాతే దానికి వెల కట్టారు. ఆటగాళ్ళ నడవడిని గురించి మన దేశంలో అభిమానులూ, పత్రికలలో ఆటల పేజీ వ్రాసేవారూ ఇంతకాలం చెప్పిన తీర్పులను వరుసగా పెట్టి చూస్తే, ఈ సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదని మేము తలుస్తున్నాము.

ఈ తక్కెడ ఆటస్థలంలో పుట్టినది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవులో ఆగింది. ఆనాటి నుండి 1911 వరకు 1,52,184 మంది గిర్మిట్ మీద నాటాలుకు వచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి బయలుదేరిన మన తెలుగు పూర్వులు వారిలో ఉన్నారు. యజమాని చీటీ లేనిదే ఎస్టేటు దాటరాదు. చీటీ వ్రాసే చేయే ఎవరు బుద్ధిమంతుడో, ఎవరు సోమరియో నిర్ణయించేది. ఆ యజమాని నడవడిని తూచే చీటీ మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఒక వర్గంవారే తూచడం, మరొక వర్గంవారే తూగడం అక్కడ మొదలయింది. తరువాత అది ఆటల పేజీకీ వచ్చింది.

వర్ణభేదపు దినాలలో డర్బన్ కింగ్స్‌మీడ్ మైదానంలో మనవారికి వేరే చోటు ఉండేది. దేశపు క్రికెట్ జట్టులో తెల్లవారికే స్థానం. కనుక పై దేశపు జట్టు వచ్చినప్పుడు మనవారు ఆ జట్టుకే చప్పట్లు కొట్టేవారు. కేప్ టౌన్ న్యూలాండ్స్‌లో నల్లవారూ, కలర్డ్ వర్గంవారూ చేసినదీ అదే. వీరికి దేశభక్తి లేదనే మాట ఎంతో కాలం వినిపించింది. తలుపు మూసి, లోపలికి రానివానిని ఇంటిమీద ప్రేమ లేదేమని అడగడం ఎలాంటి న్యాయమో పాఠకులే చెప్పాలి. మనవారికి ఆట మీద ప్రేమ తక్కువ కాదు. కర్రీస్ ఫౌంటెన్ మైదానంలో ఫుట్‌బాలూ క్రికెట్టూ ఆడినవారూ, చూడడానికి కిక్కిరిసి నిలబడినవారూ అందుకు సాక్షులు.

ఇక గోల్ఫ్ ఆటగాడు పాప్వా సెవ్‌గోలం సంగతి. ఆయన తెలుగువాడు కాడు. కాని మనవలెనే నాటాల్ భారతీయుడు. చదువు రాదు. చిన్నతనంలో తెల్లవారి గోల్ఫ్ కర్రల సంచి మోసే పని చేశాడు. కర్ర పట్టడం ఎవరూ నేర్పలేదు. కుడిచేయి క్రింద ఉండవలసిన చోట ఎడమచేయి పెట్టి పట్టుకునేవాడు. ఆ పట్టుతోనే 1959లోనూ, 1960లోనూ, మరల 1964లోనూ డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నాటాల్ ఓపెన్ గెలిచిన దినాన వాన కురుస్తున్నది. తెల్లవారు కానివారు క్లబ్బు భవనంలోనికి రాకూడదు. గెలిచినవాడు బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ చిత్రం ప్రపంచమంతా తిరిగింది. 1965లో అదే పోటీలో గ్యారీ ప్లేయర్‌ను సైతం ఓడించి మళ్ళీ గెలిచాడు. అటు తరువాత ప్రభుత్వం ఆయనను దేశంలోని పోటీలకు దూరం చేసింది, పాస్‌పోర్టు తీసుకున్నది. 1978లో ఆయన పేదవాడుగానే కన్నుమూశాడు.

పాప్వా పేరు వచ్చినప్పుడల్లా "ఎంత అణకువ గలవాడు, ఎంత నెమ్మదస్తుడు" అనడం వాడుకైపోయింది. మెచ్చుకోలే, కాదనము. కాని ఆ మెచ్చుకోలు ఆయన ఆటకంటె ఆయన మౌనానికే ఎక్కువగా దక్కలేదా? వానలో నిలబడి, మారుమాట పలుకకుండా కప్పు తీసుకున్నందుకు ఆయన మంచివాడు. మరి ఆయన ఆ దినం కప్పు నేలమీద పెట్టి వెళ్ళిపోయి ఉంటే? అదే పత్రికలలో ఆయన "పొగరుబోతు" అయి ఉండేవాడని మాకు సందేహం లేదు.

అదే కాలంలో గ్యారీ ప్లేయర్ 1966లో ప్రచురించిన పుస్తకంలో వెర్వోర్డ్ ప్రభుత్వ విధానాన్ని సమర్థించాడు. తరువాత ఆ మాటలను ఆయనే విడిచిపెట్టాడు. 1971లో నల్లజాతి అమెరికన్ ఆటగాడు లీ ఎల్డర్‌ను ఇక్కడికి పిలిచి ఆడించాడు. అది కూడా చెప్పడం న్యాయం. కాని ఇక్కడి తెల్లవారి దృష్టిలో ఆ పుస్తకం ఆయన నడవడికి మచ్చ కాలేదు. అది "అభిప్రాయం" మాత్రమే. వానలో నిలబడినవాడు నోరు విప్పితే అది అభిప్రాయం కాదు, గుణదోషం. రెండు కుండలూ ఇక్కడే కనబడుతున్నాయి.

ఇప్పుడు క్రికెట్‌కు వస్తాము. కేప్ టౌన్‌లో పుట్టిన బేసిల్ డోలివేరా కలర్డ్ వర్గంవాడు. స్వదేశంలో స్థానం లేక 1960లో ఇంగ్లండు వెళ్ళాడు. 1966లో ఇంగ్లండు జట్టులో చేరాడు. 1968 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా మీద 158 పరుగులు చేశాడు. అయినా దక్షిణాఫ్రికాకు వచ్చే జట్టులో మొదట ఆయన పేరు లేదు. ఆటనుబట్టే ఎంపిక చేశామని పెద్దలు చెప్పారు. దానితోపాటు మరొక గుసగుస కూడా నడిచింది. అంతకుముందు వెస్టిండీస్ పర్యటనలో సరిగా ఆడలేదనీ, రాత్రులు విందులలో గడిపాడనీ అన్నారు. ఆ కాలపు జట్లలో రాత్రి విందులకు పోని ఆటగాళ్ళు ఎందరుంటారు? విందు అందరిదీ, లెక్క ఒక్కడిది. కార్ట్‌రైట్ అనే ఆటగాడు గాయంతో తప్పుకున్న మీదట డోలివేరాను చేర్చారు. మరుదినమే, సెప్టెంబరు 17న, ప్రధానమంత్రి వోర్స్టర్ బ్లూమ్‌ఫోంటీన్‌లో ఆ జట్టును రానివ్వమన్నాడు. పర్యటన రద్దయింది. 1970 తరువాత మన దేశానికి టెస్ట్ క్రికెట్టే లేకుండా పోయింది. ఆ వెలి 1991 వరకు నడిచింది.

ఆ బ్లూమ్‌ఫోంటీన్‌లోనే మరుసటి ఏడు, 1969లో, హాన్సీ క్రోన్యే పుట్టాడు. పేరున్న గ్రే కళాశాలలో చదివాడు. దైవభక్తి గలవాడని పేరు. 53 టెస్ట్‌లకు కెప్టెన్‌గా ఉండి 27 గెలిపించాడు. కొత్త దక్షిణాఫ్రికాకు ఆయనే ముఖమన్నారు. మన ఇళ్ళలో కూడా ఆయన బొమ్మ గోడకు అంటించుకున్న పిల్లలు ఉండేవారు. 2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు ఆయన జూదగాళ్ళతో మాట్లాడాడని ప్రకటించారు. ఇక్కడ చాలామంది నమ్మలేదు. మా హాన్సీ అలాంటివాడు కాడన్నారు, పోలీసులదే తప్పన్నారు. నాలుగు దినాలకే ఆయన తాను పూర్తిగా నిజం చెప్పలేదని ఒప్పుకున్నాడు.

జూన్‌లో న్యాయమూర్తి కింగ్ ఎదుట విచారణ జరిగింది. నాగపూరులో మార్చి 19న జరిగిన ఒకరోజు ఆటకు ముందు హర్షెల్ గిబ్స్‌కూ, హెన్రీ విలియమ్స్‌కూ చెరి 15,000 డాలర్లు ఇస్తానని కెప్టెన్ ఆశపెట్టిన సంగతి బయటపడింది. ఇద్దరూ కలర్డ్ వర్గంవారే. గిబ్స్ 20 పరుగుల లోపు అవుట్ కావాలి. విలియమ్స్ తన బౌలింగులో 50 పరుగులకు పైగా ఇవ్వాలి. ఇద్దరూ సరేనన్నారు. తీరా ఆటలో గిబ్స్ 74 పరుగులు చేశాడు. విలియమ్స్ 11 బంతులు వేసి, భుజం నొప్పితో ఆగిపోయాడు. సరేననడం తప్పే. గిబ్స్ మొదట ఆ సంగతి దాచడమూ తప్పే. బోర్డు ఇద్దరికీ జరిమానా వేసి, ఆరు నెలలు ఆటకు దూరం పెట్టింది. క్రోన్యేను జీవితాంతం నిషేధించింది. బోర్డు తూకం ఇక్కడ సమంగానే ఉన్నదని ఒప్పుకోవాలి. వంకర వచ్చినది జనం తూకంలో.

క్రోన్యే 2002 జూన్ 1న జార్జ్ పట్టణం దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయాడు. చావు ఎవరికైనా దుఃఖమే. రెండేళ్ళ తరువాత, 2004లో, దక్షిణాఫ్రికా మహనీయులు ఎవరని టెలివిజన్ సంస్థ ప్రజలను అడిగితే, క్రోన్యేకు 11వ స్థానం వచ్చింది. 2008లో ఆయన మీద సినిమా వచ్చింది. గిబ్స్‌కు మాత్రం "చెడ్డ పిల్లవాడు" అన్న పేరు ఆటల పేజీలలో నిలిచిపోయింది. 2001లో వెస్టిండీస్ పర్యటనలో గంజాయి త్రాగినందుకు జరిమానా పడినవారిలో తెల్లవారూ ఉన్నారు, కలర్డ్‌వారూ ఉన్నారు. కాని ఆ కథ చెప్పుకునేటప్పుడు జనం నోట ముందుగా వచ్చేది గిబ్స్ పేరే.

మేము బడిపంతుళ్ళము గనుక వ్యాకరణం భాషలో చెబుతాము. క్రోన్యే తప్పు ఒక క్రియ. చేశాడు, అయిపోయింది. గిబ్స్ తప్పు ఒక విశేషణం. అది పేరుకు ముందు అంటుకుని కూర్చున్నది. ఒకడు తప్పు చేసిన మంచివాడు. మరొకడు మంచి ఆట ఆడే తప్పుడువాడు. ఆశ చూపినవాడిది పతనం అయింది, ఆశపడినవాడిది స్వభావం అయింది.

డర్బన్‌లో పుట్టిన హషీమ్ ఆమ్లా 2004లో కలకత్తాలో తొలి టెస్ట్ ఆడాడు. మొదట్లో సరిగా ఆడలేదు. వెంటనే "కోటా ఆటగాడు" అన్నారు. మొదట్లో తడబడిన తెల్ల ఆటగాడిని మాత్రం "కుదురుకోవడానికి సమయం కావాలి" అంటారు. 2006 ఆగస్టులో కొలంబోలో, గడ్డం పెంచుకున్న ఆ ముస్లిం యువకుడు క్యాచ్ పట్టగా, వ్యాఖ్యాత డీన్ జోన్స్ ఆయనను ఉగ్రవాది అన్న మాట ప్రసారమైంది. జోన్స్ క్షమాపణ చెప్పాడు, ఉద్యోగం పోయింది. ఆమ్లా ఓర్చుకున్నాడు. 2012 జూలైలో, డోలివేరా 158 చేసిన ఆ ఓవల్ మైదానంలోనే, అవుట్ కాకుండా 311 పరుగులు చేశాడు. దక్షిణాఫ్రికాకు అదే మొదటి త్రిశతకం. 2014లో టెస్ట్ కెప్టెన్ అయ్యాడు. అప్పుడు వ్రాసినవారు మెచ్చుకున్నది దేనిని? ఆటతో సమానంగా ఓర్పును, అణకువను. పాప్వాకు ఇచ్చిన బిరుదే మళ్ళీ ఇచ్చారు. ఓర్పు గొప్ప గుణమే. కాని కొందరి దగ్గర మాత్రమే దానిని వసూలు చేస్తే అది గుణం కాదు, పన్ను. గిర్మిట్ ముగిసిన మనవారి మీద వేసిన మూడు పౌన్ల పన్ను 1914లో పోయింది. ఈ పన్ను ఇంకా పూర్తిగా పోలేదు.

ఇంతవరకు చదివి మనవారు సంతోషిస్తే చాలదు. గురివింద గింజ తన క్రింది నలుపు ఎరుగదంటారు. 1992 నవంబరులో భారత జట్టు కింగ్స్‌మీడ్‌లో టెస్ట్ ఆడింది. కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్, హైదరాబాదువాడు. తెలుగు నేల నుండి వచ్చిన కెప్టెన్ అని మన సంఘంలో ఆ గర్వం వేరు. ఎనిమిదేళ్ళ తరువాత, 1996లో కాన్పూరులో తనకు జూదగాడిని పరిచయం చేసినది అజారుద్దీనే అని క్రోన్యే చెప్పాడు. 2000 డిసెంబరులో భారత బోర్డు అజారుద్దీన్‌ను జీవితాంతం నిషేధించింది. ఆయన తన తప్పు లేదన్నాడు. 2009లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 2012 నవంబరులో ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది.

తీర్పును గౌరవించాలి. అయితే ఆ తీర్పుకు ముందు పన్నెండేళ్ళ మాట ఏమిటి? క్రోన్యే పేరు చెబితే "దొంగ" అనీ, అజారుద్దీన్ పేరు చెబితే "రుజువు ఏదీ" అనీ ఒకే నోటితో అన్నవారు మన విందులలో, పెళ్ళిళ్ళలో లేకపోలేదు. రుజువు అడగడం మంచి అలవాటే. మనవాడికి అడిగినట్టే పరాయివాడికీ అడగాలి. అడగనప్పుడు, బ్లూమ్‌ఫోంటీన్‌లో హాన్సీ ఇల్లు దాటి రాని జాలికీ మన జాలికీ తేడా లేదు. అధికారం వారి చేతిలో ఉండెను గనుక వారి పక్షపాతం చట్టమయింది. మన పక్షపాతం మాటగా మిగిలింది. తేడా అంతే.

ఇది పాత కథ మాత్రమే అయితే ఇన్ని పుటలు అక్కరలేదు. నేడు మన పిల్లలు అందరితో కలిసి ఆడుతున్నారు. కోపంతో బ్యాటు విసిరిన ఇద్దరు పిల్లలలో ఒకరిని "గెలవాలన్న పట్టుదల గలవాడు" అనీ, మరొకరిని "పెంపకం లేనివాడు" అనీ అంటే, ఆ మాట పిల్లవాడి వెంట ఎన్నో ఏండ్లు నడుస్తుంది. కనుక తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ మా మనవి ఒకటే. ఆటగాడి నడవడి గురించి చదివినప్పుడు, మాట్లాడినప్పుడు, ఆ పేరు తీసి మరొక పేరు పెట్టి చూడండి. వాక్యం అలాగే నిలిస్తే అది తీర్పు. నిలవకపోతే అది పక్షపాతం.

పెద్దలకు మరొక మనవి. కింగ్స్‌మీడ్‌లో మనకు కేటాయించిన చోట కూర్చున్నవారు, పాప్వా ఆట చూడడానికి వెళ్ళినవారు మన మధ్య కొద్దిమందే మిగిలారు. ఆనాడు ఎవరికి చప్పట్లు కొట్టారో, ఎందుకు కొట్టారో మన తెలుగు బడి పిల్లలకు చెప్పండి. పిల్లలు దానిని తెలుగులో వ్రాసుకోవాలి. మన నడవడిని గురించి ఇతరులు వ్రాసిన చీటీలు చాలా ఉన్నాయి. మనము వ్రాసుకున్నవి ఇంకా కావాలి.