గాజు చవక, గొయ్యి ఖరీదు

మన ఇంటి రౌటర్‌లోకి వచ్చే ఫైబర్ కేబుల్ పైతొడుగు చీల్చి చూస్తే లోపల రాగి తీగ ఉండదు. వెంట్రుక మందాన ఒక గాజు పోగు ఉంటుంది. అందులోనూ వెలుతురు నడిచే దారి మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. పిల్లల ఆన్‌లైన్ క్లాసు, అమెరికాలో ఉన్న మనవరాలి వీడియో కాల్, మీసేవ దరఖాస్తు, రాత్రి చూసే సినిమా అన్నీ ఆ సందులోంచే వెలుతురు మినుకులుగా వచ్చిపోతుంటాయి. ఇలాంటి పోగు సాధ్యమేనని ఒక ఇంజినీరు లెక్కగట్టి చెప్పిన నాలుగేళ్లకే అది తయారైంది. పల్లెకు చేరడానికి మాత్రం నలభై, యాభై ఏళ్లు పట్టింది. ఇంకా చేరని పల్లెలూ ఉన్నాయి. ఎందుకని?

ఇరవై మీటర్లకే ఆరిపోయే వెలుతురు

పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్‌కిన్స్ దగ్గర పరిశోధన చేస్తూ, సన్నని గాజు పోగుల కట్ట గుండా ఒక బొమ్మను ఈ కొస నుంచి ఆ కొసకు పంపవచ్చని చూపించాడు. 1954లో ఆ సంగతి 'నేచర్' పత్రికలో అచ్చయింది. కడుపులోకి దించి చూసే ఎండోస్కోపుకు ఈ పద్ధతి బాగా అక్కరకొచ్చింది. టెలిఫోను వాళ్లకు మాత్రం ఉపయోగపడలేదు. అప్పటి గాజులో ఇరవై మీటర్లు పోయేసరికి నూటికి తొంభై తొమ్మిది పాళ్ల వెలుతురు మాయమైపోయేది. ఇరవై మీటర్లంటే వీధిలో నాలుగిళ్ల దూరం. అంత దూరానికైతే కేక వేస్తే సరిపోతుంది.

షాంఘైలో పుట్టిన చార్ల్స్ కావ్ ఇంగ్లండ్‌లోని హార్లోలో, స్టాండర్డ్ టెలీకమ్యూనికేషన్ లేబొరేటరీస్‌లో పనిచేసేవాడు. అతను సహచరుడు జార్జ్ హాకమ్‌తో కలిసి 1966లో ఒక వ్యాసం ప్రచురించాడు. వెలుతురును మింగేస్తున్నది ప్రధానంగా గాజులో కలిసిపోయిన ఇనుము వంటి లోహాల మలినాలేననీ, గాజు స్వభావంలో ఆ దోషం లేదనీ అతని వాదన. మలినాలు తీసేయగలిగితే కిలోమీటరు నడిచాక కూడా నూటికి ఒక పాలు వెలుతురు మిగులుతుంది, కబురు పంపడానికి ఆ ఒక్క పాలు చాలు అన్నాడు. ఇంజినీర్ల భాషలో అది కిలోమీటరుకు 20 డెసిబెల్ల నష్టం. అప్పటి గాజులో నష్టం సుమారు 1,000 డెసిబెల్లు. విన్నవాళ్లలో చాలామంది పెదవి విరిచారు. కావ్ మాత్రం దేశదేశాలు తిరిగి గాజు తయారీదారుల తలుపులు తట్టాడు.

అమెరికాలో కార్నింగ్ కంపెనీకి చెందిన రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ ఆ పని తలకెత్తుకున్నారు. మామూలు గాజును శుద్ధి చేస్తూ కూర్చోకుండా, వాయువుల నుంచి నేరుగా స్వచ్ఛమైన సిలికాను పేర్చుకుంటూ వచ్చారు. పోగు నడుమ భాగంలో కాస్త టైటానియం కలిపారు. దాంతో నడుమ ప్రవేశించిన వెలుతురు పక్కలకు జారకుండా లోపల్లోపలే తుళ్లుతూ ముందుకు పోతుంది. 1970లో కొలిచి చూస్తే నష్టం 17 డెసిబెల్లు. కెక్ ఆనందం పట్టలేక ప్రయోగశాల నోటుపుస్తకంలో ఆ అంకె పక్కనే ఒక కేరింత కూడా రాసుకున్నాడు. 1988 కల్లా అట్లాంటిక్ అడుగున ఫైబర్ కేబుల్ పరుచుకుంది. ఇవాళ మామూలుగా దొరికే పోగులో నష్టం 0.2 డెసిబెల్లే. అంటే వంద కిలోమీటర్లు నడిచాక కూడా ఆ ఒక్క పాలు మిగిలే ఉంటుంది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికే ఆయన్ను అల్జీమర్స్ వ్యాధి పట్టుకోవడంతో నోబెల్ ఉపన్యాసం ఆయన భార్య చదివారు.

గాజు సంగతి ఎంతగా తేలిపోయిందో చూడాలంటే, వీధిలో ఫైబర్ తెగినప్పుడు బాగుచేయడానికి వచ్చే కుర్రాణ్ణి కాసేపు గమనించండి. బండి సీటు మీదే పెట్టె తెరుస్తాడు. పోగు మీది రంగు పూతను స్ట్రిప్పర్‌తో ఒలిచి, స్పిరిట్‌లో తడిపిన టిష్యూతో తుడుస్తాడు. క్లీవర్‌లో పెట్టి కొసను నున్నగా కోస్తాడు. రెండు కొసలనూ స్ప్లైసింగ్ మిషన్లో ఎదురెదురుగా ఉంచి మూత వేస్తాడు. తెర మీద రెండు కొసలూ దుంగలంత కనిపిస్తాయి. చిన్న మెరుపు మెరిసి రెండూ ఒకటైపోతాయి. పక్కన 0.02 అని అంకె పడుతుంది. అది ఆ అతుకు దగ్గర పోయే వెలుతురు. హార్లోలో కావ్ లెక్కలు కట్టిన డెసిబెల్లే ఇక్కడ బండి సీటు మీద కొలతగా నిలుస్తోంది. ఇంత పనికీ పట్టేది నిమిషాలే. ఆ అతుకు దాకా కేబుల్‌ను తీసుకురావడమే అసలు కష్టం.

కంపెనీ లెక్క ఎక్కడ ఆగుతుంది

ఫైబర్ వేసే ఖర్చులో పోగు వాటా తక్కువ. రోడ్డు తవ్వడానికి అనుమతి, తవ్వకం కూలి, పైపు, మళ్లీ రోడ్డు పూడ్చడం, వీటికే సింహభాగం పోతుంది. నగరంలో వంద మీటర్లు తవ్వితే అపార్టుమెంట్లలో వందల ఇళ్లు దొరుకుతాయి. కొండవాలులో కిలోమీటరు తవ్వినా నాలుగిళ్లే. చందాలతో పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో కంపెనీ లెక్క వేసుకుంటుంది, పల్లె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఆ లెక్కను తిరగరాసిన చోట్లు కొన్ని ఉన్నాయి.

కరెంటు ఆఫీసు ఇచ్చిన ఇంటర్నెట్

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో చాటనూగా ఒక మోస్తరు నగరం. ఇనుప కార్ఖానాల పొగతో నిండిన ఈ ఊరిని 1969లో టీవీ వార్తల్లో దేశంలోకెల్లా మురికి గాలి ఉన్న ఊరుగా చెప్పారు. తర్వాత కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కడ కరెంటు ఇచ్చేది ఈపీబీ, ఊరి సొంత సంస్థ. గాలివానకు చెట్టు కొమ్మ పడితే కరెంటు గంటల కొద్దీ రాని బాధ తప్పించడానికి, లైన్ల పొడవునా తమంతట తామే పనిచేసే స్విచ్చులు పెట్టాలనుకున్నారు. ఆ స్విచ్చులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఫైబర్ కావాలి. స్విచ్చుల మాటలకు ఆ ఫైబర్‌లో అక్కరపడేది పిసరంతే. మిగతాదాన్ని ఇళ్లకు ఎందుకు ఇవ్వకూడదు?

పెద్ద కేబుల్ కంపెనీలు కోర్టుకెక్కినా దావాలు నిలవలేదు. 2009లో కేంద్ర ప్రభుత్వం నుంచి 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు రావడంతో పని ఊపందుకుంది. 2010 సెప్టెంబరులో ఈపీబీ తన పరిధిలోని ప్రతి ఇంటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఇస్తామని ప్రకటించింది. ఊరి మధ్యలోని కార్యాలయానికీ, ఊరి చివరి పొలంలోని ఇంటికీ ఒకటే వేగం. అంత వేగం ఏం చేసుకోవాలో చాలామందికి తోచలేదు. తోచినవాళ్లు కంపెనీలు పెట్టారు. ఈ ఫైబర్ వల్ల పదేళ్లలో ఆ ప్రాంతానికి 269 కోట్ల డాలర్ల మేలు జరిగిందనీ, సుమారు 9,500 ఉద్యోగాలు వచ్చాయనీ 2020లో స్థానిక విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త లెక్కగట్టాడు. ఆ అంకెల మీద ఎవరైనా వాదించుకోవచ్చు. అదే ఏడాది జరిగిన ఇంకో పనిని మాత్రం ఎవరూ కాదనలేరు. కోవిడ్‌తో బడులు మూతపడినప్పుడు, దాదాపు 28 వేల మంది పేద విద్యార్థులకు ఇంట్లో ఉచితంగా నెట్ ఇచ్చే పథకం ఆ జిల్లాలో మొదలైంది. తీగ అప్పటికే ప్రతి వీధిలో ఉంది కాబట్టి అది సాధ్యమైంది.

ఈపీబీ పరిధికి అవతలి పల్లెలకు మాత్రం ఆ భాగ్యం లేదు. కరెంటు సంస్థ తన పరిధి దాటి నెట్ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టం చెబుతోంది. 2015లో కేంద్ర నియంత్రణ సంస్థ ఆ అడ్డు తొలగించబోతే, మరుసటి ఏడాది కోర్టు చట్టాన్నే నిలబెట్టింది.

రైతులే తవ్వుకున్నారు

ఉత్తర ఇంగ్లండ్‌లోని లాంకషైర్ లోయల్లో గొర్రెలు మేపుకునే రైతుల దగ్గరికి ఏ కంపెనీ రాలేదు. 2011లో వాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు బీ4ఆర్ఎన్. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో నెట్‌వర్కుల నిపుణుడైన బారీ ఫోర్డ్ పథకం గీశాడు. రోడ్డు పక్క కాకుండా పొలాల మీదుగా పైపు వేద్దామన్నాడు. రోడ్డు తవ్వితే పూడ్చడానికి డబ్బు కావాలి. పచ్చిక బయలు తవ్వితే మట్టి కప్పేస్తే చాలు, గడ్డి తనే మొలుస్తుంది. భూమి ఉన్నవాళ్లు పరిహారం అడక్కుండా దారి ఇచ్చారు. ఊళ్లవాళ్లే వాటాలు కొని పెట్టుబడి సమకూర్చారు. ట్రాక్టర్లూ, తవ్వే మిషన్లూ రైతుల దగ్గర ఎలాగూ ఉన్నాయి. ముందు ఖాళీ పైపు పరిచి, తర్వాత కంప్రెసర్‌తో గాలి కొడుతూ అందులోకి పోగును వదిలేవారు. గాలి మీద తేలుతూ అది పైపులో వందల మీటర్లు దూసుకుపోయేది. చివరకు నెలకు ముప్ఫై పౌండ్లకే కొండమీది ఇంటికి గిగాబిట్ వేగం వచ్చింది. ఇప్పటికి పదివేలకు పైగా ఇళ్లకు ఆ సంఘం కనెక్షన్లు ఇచ్చింది.

స్తంభం మీద ఒకరు, నీటి పైపు పక్కన ఒకరు

తెలుగు రాష్ట్రాలు రెండూ గొయ్యి ఖర్చును చెరో రకంగా దాటబోయాయి. ఆంధ్రప్రదేశ్ అసలు తవ్వడమే మానేసింది. ఏపీ ఫైబర్‌నెట్ కోసం కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 23 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు నెట్, టీవీ, ఫోను కలిపి నెలకు 149 రూపాయలు. చవక, వేగం రెండూ కుదిరాయి. అయితే తుపాను తీరంలో స్తంభం కూలితే కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది. తీగ లాగడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి కాపాడుకోవడం ఇంకో ఎత్తు. తెలంగాణ ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం ఎలాగూ కందకాలు తవ్వుతున్నారు కదా అని, వాటిలోనే టీ-ఫైబర్ కోసం ఖాళీ పైపులు వేయించింది. ఒక్క తవ్వకంతో నీళ్లకూ, నెట్‌కూ దారి పడింది.

ఊరి బడిలో పాఠం, పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రి డాక్టరుతో సంప్రదింపు, ఊరు వదలకుండా ఉద్యోగం, వీటన్నిటికీ గాజు పోగు ఎప్పుడో సిద్ధమైంది. మిగిలింది గొయ్యి. అందుకని మీ ఊళ్లో డ్రైనేజీకో, మంచినీళ్లకో రోడ్డు తవ్వుతున్నారని తెలిస్తే గ్రామసభలో లేచి ఒక్క మాట అడగండి. పూడ్చేముందు అందులో ఒక ఖాళీ పైపు వేయించమనండి. పైపుకయ్యేది కొంచెమే. రేపు అదే రోడ్డు మళ్లీ తవ్వాలంటే అయ్యేది చాలా ఎక్కువ.