జయించినవాని హెచ్చరిక

యుద్ధమును చూడనివారు దానిని గూర్చి పలుకు మాట వేఱు. చూచి వచ్చినవారు పలుకు మాట వేఱు. ఓడినవాడు యుద్ధమును నిందించుట సహజము. గెలిచినవాడు నిందించినచో అది ఆలోచింపదగిన విషయము. అట్టి సాక్ష్యము మన రాయలసీమలోనే, బండమీద చెక్కబడి యున్నది.

రాజంపేటలో రైలెక్కి కడప, ముద్దనూరు, తాడిపత్రి దాటి గుత్తిలో దిగినచో, అచ్చటినుండి పత్తికొండకు పోవు దారిలో కర్నూలు సీమకు చెందిన ఎఱ్ఱగుడి గ్రామము తగులును. ఊరికి సమీపమున గుండ్లతో నిండిన తిప్ప యొకటి కలదు. ఆ గుండ్లమీద మౌర్య చక్రవర్తియైన అశోకుని శాసనములున్నవి. 1929 ప్రాంతమున ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించువఱకు పండితలోకమునకు వీని జాడ తెలియదు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతము. అశోకుని పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును ఒక్కచోటనే యుండుట ఈ తిప్పకు గల విశేషము.

వానిలో 13వ శాసనము మన ప్రస్తుత విషయము. ఎండకు వానకు ఎఱ్ఱగుడి ప్రతి కొంత అరిగినను, షాబాజ్‌గఢీ మొదలగు చోట్లనున్న ప్రతులతో పోల్చి పండితులు దీని యర్థమును నిర్ణయించిరి. పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు, అనగా సుమారు క్రీ.పూ. 261లో, అశోకుడు కళింగమును జయించెను. శాసనము ఆ సంగతితోనే ఆరంభమగును. 1,50,000 మంది చెరపట్టబడి తరలింపబడిరి. 1,00,000 మంది అచ్చటనే హతులైరి. అంతకు అనేక రెట్లు జనులు మరణించిరి. లెక్క ఇంతే. సేనాపతుల పేర్లు లేవు. ఏనుగుల సంఖ్య లేదు. ఏ యేటి యొడ్డున పోరు జరిగెనో, ఎవరు ముందు వెన్నిచ్చిరో ఒక్క మాటయు లేదు.

మన సీమలో అనేక గ్రామముల వెలుపల వీరగల్లులు కనబడును. పోరాడి పడినవాని శౌర్యమును అవి నిలుపును. రాజులు వేయించిన ప్రశస్తులు విజేతను సూర్యచంద్రులతో పోల్చును. ఎఱ్ఱగుడి శిల ఈ రెండు కోవలకును చెందదు. ఇందు విజేత తన విజయమువలన కలిగిన నష్టమును తానే లెక్కించి ప్రకటించినాడు.

ఆ లెక్కను కొంచెము పరిశీలింతము. కళింగరాజునకు 60,000 కాల్బలము, 1,000 గుఱ్ఱములు, 700 ఏనుగులు ఉండెడివని రోమకుడైన ప్లినీ వ్రాసెను. ఇవి వేర్వేరు సాక్ష్యములు. రెండింటను అంకెలు గుండుగుత్తవే. అయినను అశోకుడు చెప్పిన మృతుల సంఖ్య ప్లినీ చెప్పిన సైన్యమును మించినది. చచ్చినవారందఱును కత్తి పట్టినవారు కారని దీనివలన ఊహింపవచ్చును. ‘అంతకు అనేక రెట్లు’ అను మాటలో కఱవు, రోగము, ఇల్లు వీడిన జనుల యగచాట్లు ఇమిడియుండవలెను.

శాసనకర్త ఇంకొక మెట్టు లోనికి పోయినాడు. పెద్దలకు, తల్లిదండ్రులకు, గురువులకు విధేయులై, మిత్రులను, బంధువులను, సేవకులను ఆదరించుచు బ్రతుకు గృహస్థులకు యుద్ధమువలన గాయమో, మరణమో, ప్రియజనవియోగమో కలుగుచున్నదని వాపోయెను. తమకే హానియు జరుగనివారు కూడ మిత్రులకును బంధువులకును కలిగిన ఆపదచేత దెబ్బ తిన్నవారే యనెను. నాడు కళింగములో నశించినవారిలో నూరవ వంతు, వేయవ వంతు జనులు నేడు నశించినను తనకు దుస్సహమే యని తెలిపెను.

ఇట్లని అశోకుడు సైన్యమును రద్దు చేయలేదు. కళింగమును తిరిగి ఇచ్చివేయలేదు. అడవిజాతులను ఉద్దేశించి, అనుతాపము చెందిన తనకును శక్తి కలదని, వారు సిగ్గుపడి నడత మార్చుకొని చావు తప్పించుకొనవలెనని అదే శాసనమున హెచ్చరించెను. మరణదండన పొందినవారికి మూడు దినముల గడువు ఇచ్చినాడే కాని, ఆ దండనను ఎత్తివేయలేదు. కనుక ఇతడు సామ్రాజ్యభారమును మోయుచునే, మరల యుద్ధము చేయదగదని నిర్ణయించుకొన్నవాడు. రాజ్యమును విడిచి వనములకు పోయిన విరాగి మాటకంటె ఇట్టివాని మాటకు బరువెక్కువ.

కళింగదేశమందలి ధౌలి, జౌగడ శిలలమీద ఈ 13వ శాసనము లేదు. దానికి బదులు వేఱు శాసనములను చెక్కించి, మనుష్యులందఱును తన బిడ్డలేయని చెప్పించెను. గాయపడినవారి యెదుట గాయమును వర్ణించుట ఉచితము కాదనుకొనెనేమో! మఱి ఎఱ్ఱగుడిలో ఏల చెక్కించెను? ఈ శాసనమే తన యేలుబడిలోని జనులలో ఆంధ్రులను పేర్కొనుచు, దక్షిణమున తన రాజ్యమునకు వెలుపల చోళ పాండ్యులను, తామ్రపర్ణిని చెప్పుచున్నది. సమీపమునగల జొన్నగిరియే మౌర్యుల దక్షిణ పాలనాకేంద్రమగు సువర్ణగిరి యని కొందఱు చరిత్రకారుల యభిప్రాయము. మరియొక దండయాత్ర జరిగినచో అది ఈ దిక్కుననే జరుగుటకు అవకాశమున్నది. ఆ దారిలో నిలిచిన బండమీద, క్రొత్తగా జయింపవలెనని నా పుత్రులును ప్రపౌత్రులును తలపకుందురు గాక, తప్పనిసరియైనచో ఓర్మిని, స్వల్పదండమును పాటింతురు గాక యని చక్రవర్తి చెక్కించినాడు. ఇది యాదృచ్ఛికమైనను ఎంతయో సమంజసముగ నున్నది.

ఆ మాట నిలిచినదా? నిలువలేదు. క్రీ.పూ. 185 ప్రాంతమున మౌర్యవంశము సేనాపతి చేతిలోనే అంతరించెను. పిదప కళింగమున ఖారవేలుడు మగధమీదికే దండెత్తి తన విజయములను హాథీగుంఫా శిలమీద చెక్కించుకొనెను. ఒకనాడు చచ్చినవారి సంతతివారే మరల దండు నడపిరి. 1918లో మహాయుద్ధము ముగిసినప్పుడు అదియే కడపటిదని లోకము నమ్మెను; 21 సంవత్సరములకే రెండవది వచ్చెను.

కారణము దూరమున లేదు. యుద్ధము చూచినవాని కన్నులు అతనితోనే మూతపడును. మనుమనికి మిగులునది జయగాథ మాత్రమే. అశోకుడు ఈ సంగతి ఎఱిగియే తన హెచ్చరికను తనకు కాక కొడుకులకును మునిమనుమలకును వ్రాసెను. చూడనివారికి చెప్పుటయే చూచినవాని బాధ్యతయైనచో, అతడు దానిని నెరవేర్చినాడు. వినుట మన వంతు.