పగలు వైద్యం, రాత్రి ఇల్లు: తాగుడు మాన్పించే వైద్యం నడిచొచ్చిన దారి

ప్రతి సంవత్సరం మన సమాఖ్య నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాం. ఆ లెక్కల్లో ఎక్కడా కనబడని ఖర్చు ఒకటుంది, అది తాగుడు ఖర్చు. కంతు ఎందుకు ఆగిందమ్మా అని అడిగితే "మా ఆయన తాగేశాడు" అని మినిట్స్ పుస్తకంలో ఏ అక్కా రాయించదు. జ్వరం అంటుంది, పిల్లల ఫీజు అంటుంది. మనకూ తెలుసు, ఆమెకూ తెలుసు, ఎవరం పైకి అనం.

సారా దుకాణాలు మూయించడానికి మన ఆడవాళ్లు చేసిన పోరాటం మనందరికీ తెలిసిందే. తాగేవాడికి వైద్యం చేసి మాన్పించడానికి లోకంలో ఏమేం జరిగిందో మాత్రం అంతగా తెలియదు. ఆ వైద్యంలో ఒక పద్ధతి ఉంది. పగలంతా ఆసుపత్రిలో ఉంటారు, సాయంత్రం ఇంటికి వచ్చేస్తారు. డాక్టర్లు దీన్ని డే కేర్ అంటారు, అమెరికాలో పార్షియల్ హాస్పిటలైజేషన్ అంటారు. మనం పగటి వైద్యం అనుకుందాం. అది ఎలా పుట్టింది, మన దగ్గరికి ఎలా వచ్చింది, అందులో ఆడవాళ్ల పాత్ర ఏమిటి అన్నది తెలుసుకుంటే మనకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

దూబగుంట దగ్గర మొదలుపెడదాం

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట ఒక పల్లెటూరు. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. పగలంతా పని చేసి వచ్చిన ఆడవాళ్లు పలకా బలపం పట్టుకుని కూర్చున్నారు. అక్షరాలతో పాటు మాటలూ మొదలయ్యాయి. మన కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి, ఊళ్లో నీళ్లు లేకపోయినా సారా ఎలా వస్తోంది అని అడిగారు. 1992లో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్ల కథ రాత్రిబడి పుస్తకంలో పాఠమై ఊరూరికీ వెళ్లింది. ఊరూరా ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకున్నారు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. కానీ ఆ ఉద్యమంలో నుంచి వచ్చింది ఒకటి నిలబడింది. సారాకు పోయే డబ్బు మిగుల్చుకుందామని నెల్లూరు ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేశారు. పొదుపులక్ష్మి సంఘాలు అలా పెరిగాయి. ఈరోజు మనం నెలనెలా కూర్చునే మీటింగుకు వేరు అక్కడుంది.

దుకాణం మూస్తే కొత్తగా తాగడం నేర్చుకునేవాళ్లు తగ్గుతారు, కొంచెం తాగేవాళ్లు మానుకుంటారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడి సంగతి వేరు. వాడి ఒళ్లే మందుకు అలవాటు పడిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివాళ్లు కనబడుతున్నారని కేకలు వేస్తారు. ప్రాణం కూడా పోవచ్చు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. కల్లులో మత్తు మందులు కలిపి అమ్మే చోట్ల నుంచి వచ్చినవాళ్లు అందులో చాలామంది ఉన్నారు. వాళ్లకు కావలసింది వైద్యం.

తాళం వేసిన గది నుంచి బయటికి

తాగుడు ఒక జబ్బు అని చెప్పిన తొలి డాక్టర్లలో బెంజమిన్ రష్ ఒకరు. ఆయన అమెరికా డాక్టరు, 1784లోనే దీని గురించి రాశారు. అయినా ఆ తర్వాత నూటాయాభై ఏళ్లు లోకం తాగుబోతును జైల్లో పెట్టింది, లేకపోతే పిచ్చాసుపత్రిలో పెట్టి తాళం వేసింది. బయటికి వచ్చినవాడు మళ్లీ అదే వీధిలో, అదే దుకాణం ముందు నిలబడేవాడు.

పగటి ఆసుపత్రి అన్న ఆలోచన మొదట తాగుడు కోసం రాలేదు, మానసిక జబ్బుల కోసం వచ్చింది. 1933లో రష్యాలోని మాస్కోలో ఇలాంటిది ఒకటి మొదలైంది. దానికి కారణం పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఆసుపత్రిలో మంచాలు చాలలేదు. మంచం లేకపోతే పగలు రమ్మని, రాత్రి ఇంట్లో పడుకోమన్నారు. అలా చేస్తే రోగి ఇంటికీ, పనికీ, మనుషులకీ దూరం కాకుండా ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కెనడాలోని మాంట్రియల్‌లో, ఇంగ్లాండులోని లండన్‌లో కూడా పగటి ఆసుపత్రులు పెట్టారు.

1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. ఊరికి దూరంగా ఉండే పెద్ద పిచ్చాసుపత్రులకు బదులు జనం మధ్యలో మానసిక ఆరోగ్య కేంద్రాలు పెట్టాలన్నది దాని ఉద్దేశం. అలాంటి కేంద్రంలో తప్పకుండా ఉండాల్సిన 5 సేవల్లో పగటి వైద్యం ఒకటిగా పెట్టారు. తాగుడు వైద్యానికి మాత్రం అక్కడ 28 రోజులు ఆసుపత్రిలోనే ఉంచే పద్ధతి ఎక్కువగా నడిచింది. దానికి ఖర్చు ఎక్కువ. 1980ల చివరికొచ్చేసరికి అంత ఖర్చు మేం భరించలేమని ఇన్సూరెన్సు కంపెనీలు వెనక్కి తగ్గాయి. దాంతో తాగుడుకీ, మత్తు మందులకీ పగటి కేంద్రాలు పెరిగాయి.

ఇప్పుడు అక్కడ ఈ వైద్యం వారానికి 20 గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటుంది. పొద్దున రావాలి. బీపీ చూస్తారు, మందులు ఇస్తారు. పదిమంది గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరితో విడిగా కౌన్సెలింగ్ ఉంటుంది. ఏ వేళకు తాగాలనిపిస్తుంది, ఎవరు పిలిస్తే కాదనలేకపోతున్నాడు, చేతిలో డబ్బు పడ్డ రోజు ఏం చేయాలి, ఇవన్నీ అక్కడ నేర్పిస్తారు. సాయంత్రం ఇంటికి పోతాడు. రాత్రి ఏం జరిగిందో మర్నాడు వచ్చి చెప్పాలి. తాళం వేసిన గదిలో తాగకుండా ఉండడం పెద్ద పని కాదు. దుకాణం ముందు నుంచి నడిచి ఇల్లు చేరడమే పని. పగటి వైద్యంలో ఆ పని రోజూ చేయాల్సిందే.

గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు, మన సంఘం మీటింగు అలాగే జరుగుతుంది. తాగుడు విషయంలో దాన్ని 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టారు. దాని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, మన దగ్గర ఏ.ఏ. అంటారు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో అల్-అనాన్ అని ఇంకో సంస్థ వచ్చింది. దాన్ని మొదలుపెట్టింది ఏ.ఏ. పెట్టినవాళ్లలో ఒకరి భార్య లోయిస్ గారు, ఆమెతో పాటు ఇంకొక ఆమె. భర్తలు మీటింగులో కూర్చుంటే బయట ఎదురుచూసే భార్యలకూ బాధ ఉంటుంది, వాళ్లకూ చోటు కావాలి అని ఆడవాళ్లే కనిపెట్టారు.

చెన్నైలో ఒక భార్య చేసిన పని

మన పక్కనే చెన్నైలో శాంతి రంగనాథన్ గారని ఉన్నారు. ఆమె భర్త పేరున్న పారిశ్రామిక కుటుంబంలో పుట్టినవారు. తాగుడు వల్ల 1979లో, 33 ఏళ్ల వయసులో చనిపోయారు. డబ్బుకు లోటు లేని ఇల్లే, అయినా మన దేశంలో ఆ జబ్బుకు సరైన వైద్యం దొరకలేదు. ఆమె అమెరికా వెళ్లి హేజెల్డెన్ అనే కేంద్రంలో శిక్షణ తీసుకుని వచ్చి, 1980లో భర్త పేరుతో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. మొదట్లో అది మంచాలున్న ఆసుపత్రి కాదు. పగలు వచ్చి సాయంత్రం వెళ్లిపోయే కేంద్రం. మంచాలతో టి.టి.కె. ఆసుపత్రి 1987లో వచ్చింది. 1992లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. దూబగుంట ఆడవాళ్లు దుకాణం మూయించిన సంవత్సరమూ అదే.

అక్కడ రోగి ఒక్కడికే వైద్యం చేసి పంపరు. ఇంట్లోవాళ్లు కూడా వచ్చి కూర్చోవాలి. మన దేశంలో ఈ ఆలోచనకు ఇంకా ముందే పునాది ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్లను వాళ్లతోనే ఉండనిచ్చారు. జబ్బు గురించి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి పంపేవారు. ఇంటివాళ్లు దగ్గరుంటే రోగి తొందరగా కోలుకుని ఇంటికి పోయేవాడు.

పల్లెటూరి మనిషి రోజూ చెన్నై వెళ్లి రాలేడు గదా. అందుకని 1989లో శాంతి గారి సంస్థ తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెలో క్యాంపు పెట్టింది. డాక్టర్లు, కౌన్సెలర్లు ఊరికే వచ్చారు. తాగేవాళ్లను 15 రోజులు అక్కడే ఉంచి వైద్యం చేశారు, ఊరివాళ్లు సాయం పట్టారు. తర్వాత చాలా ఏళ్లు ఆ క్యాంపులు నడిచాయి. ఊరంతా చూస్తుండగా మానినవాడికి మళ్లీ తాగితే నలుగురూ అడుగుతారన్న భయం ఉంటుంది, నలుగురూ నిలబడతారన్న ధైర్యమూ ఉంటుంది.

రాత్రి ఎవరి లెక్కలో ఉంది?

ఈ చరిత్ర చదువుతుంటే ఒక సంగతి గమనించాలి. పగటి వైద్యంలో పగలు డాక్టరు, కౌన్సెలరు, నర్సు చూసుకుంటారు. రాత్రి చూసేది భార్య, లేకపోతే తల్లి. మంచాలు చాలక పుట్టిన వైద్యం గాబట్టి ఖర్చు తగ్గిందని అందరూ సంతోషిస్తారు. తగ్గిన ఖర్చులో కొంత ఇంట్లో ఆడమనిషి మీద పడింది. ఆమె నిద్ర మానుకుని కనిపెట్టుకుని ఉన్న గంటలు ఏ ఆసుపత్రి లెక్కలోనూ రాయరు. అందుకే ఇంటివాళ్లకు నేర్పించకుండా, వాళ్ల బాధ వినకుండా పగటి వైద్యం చేస్తే అది సగం వైద్యమే.

అందరికీ ఈ పద్ధతి సరిపోదు కూడా. వణుకు, ఫిట్స్ వచ్చేవాళ్లను మొదట ఆసుపత్రిలో చేర్చి, ఆ ప్రమాదం దాటాకే పగటి వైద్యానికి పంపాలి. ఇంట్లో కొట్టేవాణ్ణి సాయంత్రం ఇంటికి పంపడమంటే భార్యాపిల్లలను ప్రమాదంలో పెట్టడమే. అలాంటి అక్క ముందు తన రక్షణ చూసుకోవాలి. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

ఇంకొకటి. తాగుడు మాన్పించే పొడి అన్నంలో కలపమని సంతల్లో అమ్ముతుంటారు. డైసల్ఫిరామ్ అనే మాత్రను 1940లలో డెన్మార్క్ డాక్టర్లు తాగుడు వైద్యానికి వాడడం మొదలుపెట్టారు. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండె దడ వస్తాయి, బీపీ పడిపోతుంది. రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాక, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు అది. తెలియకుండా కూరలో కలిపితే ప్రాణం మీదికి రావచ్చు. మంచికే గదా అని ఎవరూ ఆ పని చేయకండి.

2019లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. 38 అంటే మన మూడు నాలుగు సంఘాల సభ్యులంత. అంతమందిలో ఒక్కరికే దారి దొరికింది, మిగతావాళ్ల ఇళ్లలో వాళ్ల ఆడవాళ్లే డాక్టర్లు, వాళ్లే పోలీసులు.

మనం ఏం చేయగలం

జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితం. ఈ నంబర్లు ప్రతి సంఘం మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. మన ఆడవాళ్లలోనూ కల్లుకు, మందుకు అలవాటు పడినవాళ్లు ఉన్నారు. సిగ్గుతో చెప్పుకోలేరు. వాళ్లకూ ఇవే నంబర్లు.

పగటి వైద్యానికి వెళ్లే మనిషి కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అవుతాయి. చాలా ఇళ్లలో వైద్యం ఆగేది అక్కడే. ప్రసవానికి, ఆపరేషన్‌కు అప్పు ఇచ్చినట్టే, వైద్యానికి తిరిగే ఆ కొన్ని వారాలకు చిన్న అప్పు ఇచ్చేలా గ్రామ సంఘంలో తీర్మానం పెట్టవచ్చు. ఆ అప్పు మగాడి చేతికి కాకుండా సభ్యురాలి చేతికి ఇవ్వాలి. మన దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పగటి కేంద్రం ఒకటి పెట్టాలని, అందులో ఇంటివాళ్లతో మాట్లాడే రోజు కూడా ఉండాలని సమాఖ్య తరఫున అర్జీ ఇవ్వవచ్చు. వైద్యం చేయించుకుని వచ్చిన మనిషి మళ్లీ జారితే, అది జబ్బు తిరగబెట్టినట్టు చూసి మళ్లీ పంపాలి. ఆ ఇంటి సభ్యురాలిని మాత్రం మీటింగులో వెనక వరసలో కూర్చోనివ్వకూడదు.

దూబగుంటలో ఆడవాళ్లు మొదట చేసింది సారా గురించి పైకి మాట్లాడుకోవడమే. వచ్చే నెల మీటింగులో కంతు ఎందుకు ఆగిందని అడిగినప్పుడు ఒక అక్క నిజం చెప్పగలిగితే, ఆమెకు ఎక్కడికి పోవాలో చెప్పడానికి మన దగ్గర జవాబు ఉండాలి.